మా గిన్నెల సిస్టరమ్మ

మొన్న ఆదివారం పొద్దున సిస్టరమ్మ పోయింది. ఆ కబురు నాకు చెప్పింది మా నాన్న. మేం బాపు అంటాం. గుమ్మంలో నిలబడి చెబుతూ ఏడ్చాడు. కళ్లు తుడుచుకోలేదు, మొహం తిప్పుకోలేదు. ఈ మాట రాస్తుంటే నాకు దుఃఖంతోపాటు గర్వంగానూ ఉంది. ఎందుకో చెబితేనే ఆమె ఎవరో మీకు తెలుస్తుంది.

గోదావరిఖనిలో మా పక్కిల్లు ఆమెది. బొగ్గుబాయి కార్మికుల దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. తర్వాత హైదరాబాదులో ఎక్కడో సౌండ్ హీలింగ్ అనే శబ్ద వైద్యం నేర్చుకుని, సంచిలో కంచు గిన్నెలు వేసుకుని వచ్చింది. వారానికోసారి కమ్యూనిటీ హాల్లో దుప్పట్లు పరిచి, వచ్చినవాళ్లను పడుకోబెట్టి, కర్రతో ఆ గిన్నెలు మోగించేది. దానికి మా వీధి పెట్టిన పేరు గిన్నెల క్లాసు.

నాకు ఒళ్లు మండింది. మూఢనమ్మకాల మీద దొరికిన కరపత్రమల్లా చదివినవాణ్ని, ఊరుకుంటానా? నేరుగా వెళ్లి నిలదీశాను.

"సిస్టరమ్మా, గిన్నె కొడితే రోగం తగ్గుతదా? నర్సువై ఉండి గిదేం మోసం?"

"తగ్గదురా. బీపీ గోలీ ఏసుకొనే రమ్మని అందరికీ చెప్పిన. పండుకుంటరు, వింటరు, గంతే. నువ్వు జర గొంతు తగ్గియ్యి. నా గిన్నెలకన్న నువ్వే ఎక్కువ మోగుతున్నవ్."

ఆమె తప్పు చేస్తే పట్టుకుందామనే నేను క్లాసుకు వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ చూసినవి ఏ కరపత్రంలోనూ లేవు. గిన్నె మోగగానే ఒకావిడకు కళ్ల నీళ్లు కారేవి, ఎందుకో ఆమెకే తెలియదు. ఇంకొకాయనకు నవ్వు ఆగేది కాదు. సిస్టరమ్మ ఎవరినీ కారణం అడిగేది కాదు. "వచ్చేదాన్ని రానియ్యిండ్రి" అనేది. ఆమె వైద్యమల్లా ఆ ఒక్క మాటే.

మా బాపు సంగతి వేరు. ఆయన పనిచేసిన చోట ఒకసారి బాయి పైకప్పు కూలి, ఆయన జోడీగా పనిచేసే మనిషి పోయాడు. బాపు బతికి బయటపడ్డాడు. ఆనాడూ ఏడవలేదు, ఆ తర్వాతా ఏడవలేదు. గోడకు ఆనుకుని, కూర్చునే నిద్రపోయేవాడు. పడుకోమని మా అమ్మ బతిమాలని రోజు లేదు. చివరికి ఆమే ఆయన్ను క్లాసుకు తోలింది.

ఆ రోజు నేను తప్ప అందరూ రిటైరైన బాయి కార్మికులే. కళ్లు మూసుకుని పడుకున్నారు. రెండో గిన్నె కొడుతుంటే సిస్టరమ్మ వేళ్లు దాని అంచుకు తగిలాయి. ఖంగుమనాల్సింది డొల్లగా చప్పుడైంది.

అంతే. "జరుగుండ్రి! జరుగుండ్రి!" అంటూ హాలు హాలంతా లేచి తలుపు వైపు పరుగెత్తింది. బాయిలో పనికి ముందు కర్రతో పైకప్పును కొట్టి వింటారు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికితే ఊడి పడబోతోందని అర్థం. వాళ్ల మెదడు కన్నా ముందు వాళ్ల కాళ్లు విన్నాయి.

బయట ఎండలో ఉత్త కాళ్లతో నిలబడి, ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. "ఏందే సిస్టరమ్మా, మళ్ల బాయిల దించినవ్!" అన్నాడొకాయన. బాపు ఒక్కడే నవ్వలేదు. పక్కన పడుకున్న మనిషిని చెయ్యి పట్టి గుంజుకొచ్చాడు. ఆ చెయ్యి వదలడం లేదు.

సిస్టరమ్మ ఆ చేతినే చూసింది. గిన్నెలనూ కర్రనూ తెచ్చి బాపు ముందు పెట్టింది.

"నాకు కొట్టరాలే అన్నా. కప్పు నువ్వే చూడు. గట్టిగున్నదని నువ్వంటేనే పండుకుంటరు."

బాపు చెయ్యి వదిలి కర్ర పట్టుకున్నాడు. ప్రతి గిన్నెనూ కొట్టి, తల వంచి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా విన్నాడు. "గట్టిగున్నది" అన్నాడు. ఒక్కొక్కరే లోపలికెళ్లి పడుకున్నారు. చివర్న ఆయనా పడుకున్నాడు. సిస్టరమ్మ ఈసారి అంచు తగలకుండా మోగించింది. ఆ మోత సన్నబడుతుండగా బాపు గొంతు లేచింది. జోడీ పేరు పిలుస్తూ ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా, ఎక్కిళ్లు పెట్టి.

కిటికీలోంచి ఎవడో అన్నాడు: "మొగోడు గిట్ల ఏడుస్తడా?"

నేను వాణ్ని తన్నడానికి లేచాను. సిస్టరమ్మ నా చొక్కా పట్టుకుంది. "కూసో. ఇయ్యాల మీ బాపు వంతు" అంది. తర్వాత కిటికీ వైపు తిరిగింది. "దవాఖానల ఇంతమందిని జూసిన బిడ్డా. ఏడ్వని మొగోడు ఒక్కడు కనవడలె. దాసుకున్నోళ్లే కనవడ్డరు."

ఆ మధ్యాహ్నం మా బాపు చాప మీద వెల్లకిలా పడుకుని గుర్రు పెట్టాడు. అమ్మ మిక్సీ ఆపేసింది. పక్కిళ్లకు పోయి టీవీలు తగ్గించమని చెప్పొచ్చింది. ఆ గుర్రు మా ఇంటి విజయం. ఆ రోజు నుంచి ప్రతి క్లాసూ బాపు కప్పు చూశాకే మొదలైంది. గిన్నె రోగాన్ని తగ్గిస్తుందని నేను ఇవాళ కూడా ఒప్పుకోను. సిస్టరమ్మా ఒప్పుకోలేదు. కానీ బాయి నుంచి సగమే బయటికొచ్చిన ఒక మనిషిని ఆమె పూర్తిగా బయటికి తెచ్చింది.

ఆదివారం ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. క్లాసు మనుషులంతా వచ్చారు. బాపు గిన్నెలు తీసుకుని, ఎప్పటిలాగే ఒక్కొక్కటీ కొట్టి విన్నాడు. తర్వాత ఆమె తల దగ్గర కూర్చున్నాడు.

"గట్టిగున్నది సిస్టరమ్మా. నువ్వు పండుకో."

చివరి గిన్నె ఇంకా మోగుతోంది. ఎండలో ఆ ముసలి కార్మికులంతా తలలు ఓ పక్కకు వంచి, చప్పుడు ఆగేదాకా వింటూ నిలబడ్డారు. ఒక్కరూ కదల్లేదు.