ఎండాకాలంలో స్వెట్టరు

ఆ స్వెట్టరు రంగు ఏదో నేను చెప్పను. అడగొద్దు. చెబితే ఇది చదివేవాళ్ళలో సగం మంది "ఓహో" అంటారు, తక్కిన సగం మంది "అదా సంగతి" అంటారు, నా గోడు మాత్రం ఎవరికీ పట్టదు. మా వైపు రంగు పేరెత్తితే ఇక ఆ తర్వాత చెప్పేది ఎవరూ వినరు. అదొక రంగు, అంతే అనుకోండి.

అప్పుడు నేను పులివెందులలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. మా ఊరు వేముల దగ్గర. నాయనకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. మా క్యాంపస్‌లో మగపిల్లలు రెండు రకాలు. ఒక రకం వాళ్ళు గంజి పెట్టిన తెల్ల చొక్కా వేసుకుని, చేతికి కడియం తొడిగి, ఫ్లెక్సీలో ఫోటోకు నిలబడినట్టు కాలేజీ గేటు దగ్గర నిలబడేవాళ్ళు. రెండో రకం ఫోన్‌లో చూసింది వేసుకునేవాళ్ళు. నేను ఆ రెండో రకం. ఎక్కడో విదేశీ యూనివర్సిటీలో రాతి మెట్ల మీద కూర్చున్న కుర్రాళ్ళను ఫోన్‌లో చూశాను. చీలమండ కనపడేలా మడిచిన ప్యాంటు, మేజోళ్ళు లేని బూట్లు, కాలర్ టీషర్టు, దాని మీద భుజాల చుట్టూ కప్పుకున్న స్వెట్టరు, దాని చేతులు రొమ్ము మీద ముడి. దాన్ని ప్రెప్పీ అంటారట. చూసినప్పటి నుంచి నాకు అదే పిచ్చి పట్టుకుంది. ఎందుకంటే ఆ కుర్రాళ్ళది ఏ ఊరో, ఎవరి కొడుకులో, ఎవరి మనుషులో చూసి చెప్పలేం. మా దగ్గర కొత్తవాడు కనపడితే మంచినీళ్ళు ఇచ్చే ముందే "నువ్వు ఎవురి మనిషివప్పా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎవరూ అడగకుండా ఒక్క రోజైనా తిరగాలని నాకు ఉండేది.

మొదట బూట్లు కొన్నాను. కొన్న సంబరంలో ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, లోఫర్లు తీసుకున్యా" అన్నాను.

"ఎవుర్రా లోఫర్లు? యాడికి తీసుకున్యావు వాళ్ళను? గొడవలేమన్నా పెట్టుకున్యావా ఏంది?" అని అమ్మ ఒకటే కంగారు పడింది. బూట్ల పేరే అంతని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

స్వెట్టరు కోసం ప్రొద్దుటూరు వెళ్ళాం. నాతో పాటు మా రూమ్‌మేటు వచ్చాడు. వాడిది జమ్మలమడుగు, గుడి పూజారి కొడుకు, నోరు మంచిది కాదు కానీ మనసు మంచిది. ఉగాది దగ్గరపడింది, రోడ్డు మీద తారు కరుగుతోంది. బట్టల అంగళ్ళ వీధిలో ఏ కొట్టుకు వెళ్ళి అడిగినా మమ్మల్ని ఎగాదిగా చూశారు. ఒక కొట్టాయన మాత్రం గల్లాపెట్టె వదిలి లేచి వచ్చాడు.

"స్వెట్టరా? ఊటీకి పోతాండావా అప్పా?"

"లేదన్నా, ఈడికే."

"ఈడ యాడ?"

"కాలేజీకి."

ఆయన మా రూమ్‌మేటు వైపు చూశాడు. వాడు చెవి దగ్గర వేలు తిప్పి, "వానికి జొరం వచ్చింటాది లేన్నా, ఉంటే ఇయ్యి" అన్నాడు. చలికాలంలో మిగిలిపోయిన మూట విప్పితే నాకు సరిపోయేది ఒక్కటే దొరికింది. రంగు బాగుంది. రంగుకు ఇంకో అర్థం ఉందని నాకు తట్టనేలేదు. ఫోన్‌లో కుర్రాళ్ళ మధ్య బతుకుతున్నాను కదా!

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాలి. మా ఊళ్ళో మా వర్గానికి ఒక పెద్దాయన ఉన్నాడు. నాయన పెళ్ళికి ముందు నుంచీ ఆయన మనిషి. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఆయన వసారాలో నలుగురి మధ్య కూర్చుని, కాఫీ తాగి వస్తేనే నాయనకు తెల్లవారినట్టు. ఆయన కోసం నాయన కేసులు మోశాడు, కమలాపురం నుంచి కడప దాకా కోర్టుల చుట్టూ తిరిగాడు. మా తోటకు వెళ్ళే బాట కూడా ఆయన పొలంలో నుంచే. కాగితమేమీ లేదు, మాట మీద నడిచే బాట. ఆ ఏడు కాయ బాగా పట్టింది. వ్యాపారి వచ్చి చూసి, వారంలో లారీ తెస్తానని చెప్పి వెళ్ళాడు.

కాలేజీ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా అవతలి పార్టీ నాయకుడిని పిలిచారు. ఆయనకు పూలగుత్తి ఇచ్చే పని నాకు పడింది, బాగా తయారయ్యానని. మడిచిన ప్యాంటు, లోఫర్లు, భుజాల మీద స్వెట్టరు. లోపల చెమట కారిపోతున్నా, వేదిక మీదికి వెళ్తుంటే ఆడపిల్లల వైపు నుంచి ఈలలు వినపడ్డాయి. నా బతుకులో అంత సంతోషం అంతకు ముందు లేదు. వంగి పూలగుత్తి ఇచ్చేటప్పుడు స్వెట్టరు ఒక పక్కకు జారింది. ఆయన నవ్వుతూ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా భుజాల మీద సరిచేశాడు. ఎన్ని వేల మందికి అదే రంగు పార్టీ కండువాలు కప్పి ఉంటాడో, ఆ చేతులకు అదే అలవాటు! సరిచేసి, ముడి మీద చెయ్యి వేసి, భుజం తట్టాడు. కెమెరాలు టకటకమన్నాయి.

సాయంత్రానికి ఆ ఫోటో వాట్సాప్‌లో మా మండలమంతా తిరిగింది. కింద మా ఊరి పేరు, నాయన పేరు, "తనయుడు పార్టీలో చేరిక" అని రాసి ఉంది. ఎవరు రాశారో దేవుడికెరుక. రూమ్‌మేటు ఫోన్ నా చేతిలో పెట్టి మొదటిసారి నన్ను వెక్కిరించకుండా ఊరుకున్నాడు. అంతలో నాయన ఫోన్.

"కండువా కప్పుకున్యావంటనా?"

"అయ్యో నాయనా, కండువా కాదు, అది స్వెట్టరు."

"స్వెట్టరంటే చలికేసుకునేది కదరా. ఈ ఎండల్లో నీకు చలేంది?"

"చలికి కాదు నాయనా. ఊరికే, భుజాల మీద ఏసుకుంటారు."

"ఊరికే ఎందుకేసుకుంటారు?"

ఎందుకు వేసుకుంటారు? ఈ రోజుకీ ఆ ప్రశ్నకు మా నాయనకు అర్థమయ్యే జవాబు నా దగ్గర లేదు. ఫ్యాషన్ అన్నాను. నాయన "బాటకు కంప కొట్టినార్రా" అని ఫోన్ పెట్టేశాడు.

తోట బాటకు అడ్డంగా ముళ్ళకంప పడేశారన్నమాట. దానర్థం మా వైపు పుట్టినవాళ్ళకు చెప్పక్కరలేదు. లారీ పోదు, ట్రాక్టరు పోదు, కూలీలు రమ్మన్నా రారు. చెట్టు మీద కాయ చెట్టు మీదే రాలాలి.

మరునాడు పొద్దున బస్సుకే ఊరికి వెళ్ళాను. పెద్దాయన ఇంటి గేటు దగ్గర నన్ను ఆపేశారు. గేటు దగ్గరున్నది మా నాయన వరసకు తమ్ముడయ్యే మనిషి, చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిరిగినవాడు. ఫోన్ తీసి విదేశీ కుర్రాళ్ళ ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపించాను. "చూడు చిన్నాయనా, ఆడ అందరూ ఇట్లే ఏసుకుంటారు."

ఆయన కళ్ళు చికిలించి చూశాడు. "ఈ తెల్లోళ్ళు గూడా ఆ పార్టీనేనా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంటికి వచ్చి గోడకు తల కొట్టుకున్నాను.

ఇక మిగిలింది జమ్మలమడుగులో మా మేనమామ. ప్రభుత్వ బడిలో టీచరు. పెద్దాయన కొడుకుతో కలిసి చదువుకున్నవాడు, ఆ ఇంట్లో మామ మాట చెల్లుతుంది. ఎర్రటి ఎండలో వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. మామ అంతా విన్నాడు, అన్నం పెట్టించాడు, చేతులు కడుక్కున్నాక అసలు మాట చెప్పాడు.

"అల్లుడూ, నువ్వు చెప్పేది నిజమేనని నాకు తెలుసు. నేను పోయి చెప్తే మాత్రం నాకు గూడా ఆ రంగే పూస్తారు. ఇద్దరు బిడ్డల్నేసుకుని నన్ను యాడికో అడవిలోకి బదిలీ చేస్తే నేనేం చేసేది? ఏమనుకోవాకు" అన్నాడు. అత్త వంటింట్లో నుంచి బయటికి రాలేదు. బస్టాండు దాకా మామ నా వెంట వచ్చాడు, కానీ పక్కన నడవలేదు, నాలుగడుగులు వెనక నడిచాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ బస్సులో కూర్చుని నేను ఏడ్చిన ఏడుపు ఇంకెప్పుడూ ఏడవలేదు.

ఇంట్లో నాయన మూడు పూటలుగా సరిగా తినలేదని అమ్మ చెప్పింది. పొద్దున్నే స్నానం చేస్తాడు, తెల్లచొక్కా వేసుకుంటాడు, వాకిట్లో మంచం మీద కూర్చుంటాడు. వెళ్ళడానికి చోటు లేదు. దారిన పోయేవాళ్ళు తల తిప్పుకుని పోతున్నారు. నా మీద ఒక్క మాట అనలేదు. ఏమన్నా అను నాయనా, రెండు దెబ్బలు వెయ్యి, అని నాకు లోపల అరుపు. మరునాడు పొద్దున వ్యాపారి ఫోన్ చేసి, బాట తెరిస్తేనే లారీ పంపుతానని, లేకపోతే వేరే తోట చూసుకుంటానని ఖచ్చితంగా చెప్పేశాడు.

అది విని నాయన లేచి నా దగ్గరికి వచ్చాడు. "ఆ స్వెట్టరు యాడుంది?"

తగలబెడతాడేమో అనుకుని బ్యాగులో నుంచి తీసి ఇచ్చాను. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, చేతులు లాగి చూశాడు. తర్వాత తెల్లచొక్కా మీద తొడుక్కున్నాడు. రెండు చేతులూ దూర్చి, మెడ దాకా లాక్కుని, పొట్ట మీద బిగుతుగా సర్దుకున్నాడు. పొద్దు నడినెత్తికి వస్తోంది. వీధిలో కుక్కలు కూడా నీడకు చేరాయి.

"నాయనా, ఏంది నువ్వు చేస్తాండేది?"

"కండువాకు చేతులుంటాయా?" అని బయటికి నడిచాడు.

వెనకాలే పరుగెత్తాను. వీధి పొడవునా ఆడవాళ్ళు తలుపుల్లోకి వచ్చి చూశారు. ఈసారి గేటు దగ్గర చిన్నాయన మమ్మల్ని ఆపలేదు, నోరు తెరుచుకుని ఉండిపోయాడు. వసారాలో ఫ్యాను కింద పెద్దాయన, చుట్టూ ఎప్పుడూ ఉండే మనుషులు. నాయన మెట్ల కింద ఎండలోనే నిలబడి రెండు చేతులూ చాచాడు.

"అన్నా, చూడన్నా. చేతులుండాయి. ఇది స్వెట్టరే. పిల్లోడు తెలీక ఎండాకాలంలో ఏసుకున్యాడు."

ఎవరో కిసుక్కుమన్నారు. "మామా, కాశ్మీరు నుంచి ఎప్పుడొచ్చినావు?" అని ఒకడు. "ఒగసారి వెనక్కి తిరుగు మామా" అని ఇంకొకడు ఫోన్ పైకెత్తాడు. నాయన తిరిగాడు. నవ్వుతూ తిరిగాడు. చెమట గడ్డం మీది నుంచి కారుతోంది. నవ్వుతున్న వాళ్ళందరితో కలిసి ఆయన కూడా నవ్వాడు. ఛీ, ఇదేం బతుకు, ఎక్కడికైనా పారిపోదాం నాయనా, అని అరవాలనిపించింది. అరవలేదు, తోట గుర్తుకొచ్చింది.

పెద్దాయన చేతితో రమ్మన్నాడు. నాయన మెట్లెక్కాడు. పెద్దాయన స్వెట్టరు చెయ్యి రెండు వేళ్ళతో పట్టుకుని నలిపి చూశాడు.

"స్వెట్టరని నాకు ఆ పొద్దే తెలుసప్పా" అన్నాడు తాపీగా. "నాకు కండ్లు లేవా? బెంగుళూరులో నా మనమడు గూడా ఇట్లనే ఏసుకుంటాడు."

నాయన నవ్వు ఆగిపోయింది. "మరి బాటకు కంపెందుకన్నా?"

"నువ్వెన్ని దినాలకొస్తావో చూద్దామని" అన్నాడు పెద్దాయన. వెంటనే గేటు వైపు తిరిగి, "ఒరేయ్, ఆ కంప తీసేయండ్రా. కాఫీ తెప్పించు ఈయప్పకు" అన్నాడు.

నాయన కాఫీ తాగాడు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని అడుగు దాకా తాగాడు. ఇంటికి వచ్చాక అమ్మ స్వెట్టరు తీయబోతే తడికి ఒంటికి అతుక్కుని రాలేదు, ఇద్దరం పట్టి లాగాం. వీపంతా పేలినట్టు ఎర్రగా ఉంది. అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పొద్దుగూకే లోపల బాట తెరుచుకుంది. మరునాడు మధ్యాహ్నానికి లారీ వస్తుందని వ్యాపారి కబురు పెట్టాడు.

మరునాడు పొద్దున నాయన ఎప్పటిలాగే స్నానం చేశాడు. ఎప్పటిలాగే తెల్లచొక్కా వేసుకున్నాడు. వాకిట్లోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. పెద్దాయన వసారాకు వెళ్ళే వేళ దాటిపోయింది, కదల్లేదు. నేను ఆయన ఎదురుగా గడప మీద కూర్చున్నాను. అంతవరకూ మా నాయన నన్ను ఏ విషయంలోనూ సలహా అడిగిన మనిషి కాదు. నన్ను ఏ కాలేజీలో చేర్చాలో కూడా ఆ వసారాలో అడిగి వచ్చి నాకు చెప్పినవాడు.

"నువ్వు చదువుకున్యావు కదా, చెప్పు" అన్నాడు. "ఈ పొద్దు పోవల్లనా, వద్దా?"

నేను తోట వైపు చూశాను. లారీకి ఇంకా టైముంది. కాయ ఇంకా చెట్టు మీదే ఉంది.

"పో నాయనా" అన్నాను.

ఆయన తలూపి, చెప్పులు వేసుకుని వెళ్ళాడు.