ఊదితే గాలి పోయే గుడ్డ

కామాటిపుర చాళ్లలో, ఆ ఒంటిగది ఇళ్ల వరసల్లో నాతోపాటు పెరిగినవాళ్లూ, రెక్సిన్ వేసిన చెక్క స్పీకరు పెట్టెలు గుర్తున్నాయా? మా పెట్టె రెక్సిన్ పొరలు పొరలుగా ఊడిపోతోంటే నిన్న విప్పాను. ముందువైపు గుడ్డ మీద సిమెంటు మచ్చలు కనబడగానే చేతులు ఆగిపోయాయి.

ఎనభైల్లో ఒక ఆదివారం నాయిన ఆ పెట్టె చుట్టూ నల్ల రెక్సిన్ అంటించి, ముందు ఎర్రటి మఖమల్ బిగించాడు. చూడ్డానికి దర్జాగానే ఉంది. పాట పెడితే మాత్రం ఎవరో బొంత కప్పుకుని పాడుతున్నట్టు వినబడింది.

కట్టడాల దగ్గర తట్టలు మోసే మా అవ్వ మిగిలిన మఖమల్ ముక్కను నోటికి ఆనించి ఊదింది. బుగ్గలు ఉబ్బాయి గాని గాలి అవతలికి పోలేదు.

"ఊపిరే పోతలేదు, పాటెట్ల పోతదిరా?" అంది నాయినతో.

ఇక నన్ను ఆపేదెవరు? దిండు గలీబు, పరదా, నాయిన చొక్కా, ఇంట్లో దొరికిన ప్రతి గుడ్డనూ ఊది చూశాను. గాలి సాఫీగా పోయింది ఒక్కదాంట్లోనే. అది అవ్వ పనికి కట్టుకెళ్లే చీర. ఎండకూ ఉతుకులకూ అరిగి అంత పలచనైంది.

"పని చీర పెడితే చాళంతా నవ్వుతరే అమ్మా," అన్నాడు నాయిన.

"నవ్వనియ్యి. పాటైతే ఇననియ్యి," అంటూ అవ్వ చీర చింపి ఇచ్చింది. నాయిన మఖమల్ పీకేసి ఆ ముక్కనే బిగించాడు.

నిన్న సాయంత్రం నాగ్‌పాడాలో కొత్త గుడ్డ కొనేముందు నేనూ ఊదాను. దుకాణదారు వింతగా చూశాడు. ఇంటికొచ్చి దాన్ని అవ్వ చీర మీద పరిచి, వెనక చెయ్యి పెట్టి మళ్లీ ఊదాను. రెండు గుడ్డలూ దాటి అరచేతికి గాలి తగిలింది.

చీర తియ్యలేదు.