వారం ముట్టుకోకపోతే తాళం

ఎనభైల చివర్లో ఆదోనిలో నేను పనిచేసే పత్తి మిల్లుకు కంప్యూటరు వచ్చింది. ఒక పెద్ద మిషను, దానికి తగిలించిన నాలుగు తెరలు. ఎవరు ఏ పేరుతో లోపలికి రావాలో, ఏది ముట్టుకోవచ్చో చూసే పని నాది. ఒక్కో ఖాతా చేత్తో తెరిచే ఓపిక నాకెక్కడిది? ఆదేశాలన్నీ వరసగా రాసి స్క్రిప్టు కట్టాను. పేరిస్తే చాలు, ఖాతా తయారు. ఆ ఊపులోనే ఇంకోటి రాశాను. వారం రోజులు వాడని ఖాతాకు అది తెల్లారేసరికి తాళం వేసేస్తుంది. మిషను మీద పూర్తి అధికారం కావాలంటే ముందు మామూలు ఖాతాలో దిగాలని కూడా కట్టడి పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నా ప్రాణం తోడేసింది మాత్రం తూకాలు రాసే ముసలి మున్షీ. అందరం చాచా అనేవాళ్లం. పాస్‌వర్డు కొడితే తెర మీద కనిపించదు కదా, మీట పనిచేయలేదనుకుని మళ్లీ మళ్లీ కొట్టేవాడు. "కనపడనిదాన్ని ఎట్ల నమ్మేది బేటీ?" అనేవాడు. ఆఫీసంతా నవ్వేది, నేను విసుక్కునేదాన్ని. దసరా అయ్యేలోగా నేర్చుకోకపోతే ఇంటికి పంపేస్తానని మేనేజరు ఆయనకు తెగేసి చెప్పాడు. చాచాకు ఆ తూకం గదే లోకం. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

దసరా సెలవులకు నేను ఎమ్మిగనూరు పోయాను, కొందరు దేవరగట్టు కర్రల జాతరకు పోయారు. ఎప్పటిలాగే మిల్లు తాళాలు చాచా చేతికిచ్చాం. రంజాన్‌కు ఆయన పోతే మేం చూసుకునేవాళ్లం.

సెలవులయ్యాక బస్సు దిగి వచ్చేసరికి గేటు బయట పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. గట్టు కర్రల దెబ్బకు తలకు కట్టుతో వచ్చిన గుమాస్తా తెర ముందు కూర్చున్నాడు. అది ఒప్పుకోలేదు. మేనేజరుదీ అంతే, నాదీ అంతే. సెలవులు వారం దాటాయి మరి! నా స్క్రిప్టు మా అందరికీ తాళం వేసింది; పూర్తి అధికారానికి ముందు మామూలు ఖాతా కావాలి కనక, ఆ తాళం తీసే దారి కూడా మూసుకుపోయింది. పాత రసీదు పుస్తకాలు చూద్దామంటే, ఇక వాటితో పనేముందని మేనేజరు ఎప్పుడో పారేయించాడు. బయట బండ్లవాళ్ల గోల.

చాచా మెల్లగా వచ్చి కుర్చీ లాక్కున్నాడు. ఒంటి వేలితో పేరు కొట్టాడు, కనిపించని పాస్‌వర్డు ఒక్కసారే కొట్టాడు. తెర తెరుచుకుంది.

"సెలవుల్లో దినామూ కొడతాంటి" అన్నాడు నావైపు తిరిగి. "నవ్వేటోళ్లు ఎవురూ లేరు కదా."

నాకు గంతులేయాలనిపించింది. ఆయన ఖాతాలోంచే పూర్తి అధికారం తీసుకుని అందరి తాళాలూ తీయొచ్చు. లే చాచా, నేను కూర్చుంటానని తొందరపెట్టాను. ఆయన కదల్లేదు.

"ఉండు బేటీ. ముందు ఒక బండి తూకం నన్ను కొట్టనీ."

మొదటి బండి తూకం చీటీ మేనేజరు చేతిలో ఉంది. ఆయన చాచా పక్కన నిలబడి ఒక్కో అంకె చదివాడు. చాచా నింపాదిగా, ఒక్కో అంకె కొట్టాడు.