కిలోబైటులో ఎలుగుబంటి

కువోపియో అనే ఊళ్లో సిటీ బస్సు నడిపే హేలి హుత్తినెన్‌కు చిన్నతనంలో మేనమామ ఒక కంప్యూటర్ కొనిపెట్టాడు. ఇప్పటి ఫోన్లో తీసిన ఒక్క ఫోటో కూడా దాని మెమరీలో పట్టదు. యాభై దాటినా హేలికి దానిమీద మోజు తీరలేదు. ఆ బుల్లి ప్రాసెసర్‌కు నేరుగా అర్థమయ్యే అంకెలు పేర్చి, దానిచేత ఆటలాడించడమంటే ఆమెకు పండగే. బస్సు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, వేళ్లు స్టీరింగు మీద లెక్కలు కట్టేవి.

ఇలాంటి పిచ్చివాళ్లంతా ఏటా వేసవిలో ఒక స్కూలు హాల్లో కలుస్తారు. పోటీ నియమం ఒకటే: ప్రోగ్రాం మొత్తం ఒక్క కిలోబైటులో ఇమడాలి. ఈసారి హేలి ఎలుగుబంటి చేత నాట్యం చేయించాలనుకుంది. భర్త ఇస్మో అకార్డియన్ మీద కట్టిన పాట జతచేయబోతే చోటు చాలలేదు. ముందు తోక కత్తిరించింది. తర్వాత చెవులు.

"చెవులు కూడా కోసేశావా? ఇది ఎలుగుబంటా, బంగాళాదుంపా?"

"నీ పాటలో నాలుగు స్వరాలు తగ్గించు, అతికిస్తా."

"నా పాట జోలికొస్తే బాగుండదు, చెప్తున్నా!"

పోటీ ముందురోజు మధ్యాహ్నం ఇద్దరూ సరస్సు పక్కన సౌనాలో, ఆవిరిస్నానం చేసి నేరుగా నీళ్లలో దూకే గదిలో, కూర్చున్నారు. కాలిన రాళ్లమీద నీళ్లు చల్లబోతూ హేలి కెవ్వుమంది. "పాటే అక్కర్లేదు!" అంటూ తువ్వాలు చుట్టుకుని బయటికి దౌడు తీసింది.

"ఏయ్, సరస్సు ఇటుంది! ఎటు పోతున్నావ్?" అని వెనక నుంచి ఇస్మో అరిచాడు.

ఎలుగుబంటిని ఆడించే అంకెలు మెమరీలో ఎలాగూ ఉన్నాయి కదా! ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, వాటినే స్వరాలుగా వాయించమని దానికి చెప్పింది హేలి. ఇక పాటకు వేరే చోటెందుకు? తోక వచ్చింది, చెవులు వచ్చాయి. నీళ్లోడుతున్న చేత్తో మీట నొక్కింది. ఎక్కిళ్లు పెడుతూ మెట్లెక్కే తాగుబోతులా ఒక వింత పాట బయటపడింది.

"ఛీ! ఇదీ ఒక పాటేనా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఇస్మో. అంటూనే ఉన్నాడు, కాలు మాత్రం తాళం వేస్తోంది.

మర్నాడు హాల్లో పెద్ద తెరమీద ఎలుగుబంటి తోక ఊపగానే ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వులు, తర్వాత నేల అదిరేలా అడుగులు. ఇస్మో ఉండబట్టలేక అకార్డియన్ భుజాన తగిలించుకుని ఆ వంకర పాట వెంటపడ్డాడు. ఎంత తరిమినా ఒక తాళం వెనకే ఉన్నాడు. జనం కుర్చీలు జరిపేసి గంతులేశారు.

హేలికి రెండో బహుమతి వచ్చింది. మొదటిది బ్రెమెన్ నుంచి వచ్చిన డెట్లెఫ్ అనే ఆయనకు. కిలోబైటులో ఊరంతా వాన కురిపించాడు మరి!

"అన్యాయం!" అని ఇస్మో గుర్రుమన్నాడు. హేలి అప్పటికే డెట్లెఫ్ దగ్గరికి పరిగెత్తింది. "చుక్క నేలను తాకి చిందుతోంది చూశారూ, అదెలా చేశారు? చెప్పండి, చెప్పండి!"

ఇద్దరూ నేలమీదే చతికిలబడి, సాసేజీలు తిన్న కాగితం ప్లేటు వెనక అంకెలు గీయసాగారు. ఇంటికి వెళ్దామా అని ఇస్మో భుజం తట్టాడు.

"ష్, ఆగు," అంది హేలి తలెత్తకుండా. "ఇక్కడ వాన పడుతోంది."