కరెంటు పొయ్యి వెనక రాగితీగ

ఒక మనిషి చావు చాలా ఏళ్లుగా నా మీద ఉంది. 'మోస్తున్నాను' అని రాయబోయి ఆగాను. మోసింది నేను కాదు. దాన్ని తీసుకెళ్లి ఆమె కూతురి నెత్తిన పెట్టాను. ఆ పిల్ల మోసింది. ఇప్పుడు పిల్ల కాదులెండి, మనవల్ని ఎత్తుకున్న మనిషి. నేను మాత్రం చేతులూపుకుంటూ తిరిగాను. నలుగుర్నీ నవ్వించాను. పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. నన్నెరిగినవాళ్లకు చెబితే ముందు నవ్వుతారు, ఇది కూడా నా కథల్లో ఒకటనుకుంటారు. వాళ్ల తప్పేముంది? మా తాతలు ఓడెక్కి వచ్చిన ఈ చెరకు దీవిలో, మా ఊరు కాంప్ ద మాస్క్‌లో ఎవరినైనా అడిగి చూడండి. క్యూర్‌పైప్‌ పట్నంలో కరెంటు పనులన్నీ ఈ ముసలాడి చేతి మీదే నడిచాయని చెబుతారు. తెల్ల ఇంజనీరు నన్నడగకుండా తీగ లాగేవాడు కాదంటారు. గవర్నరుగారి విందులో దీపాలారిపోతే నాకోసం మోటారు కారు పంపారంటారు. ఇవన్నీ వాళ్లకెవరు చెప్పారు? నేనే. నిజం ఇంతే: ఇంజనీరు నిచ్చెనెక్కితే నేను కింద నిచ్చెన పట్టుకునేవాణ్ణి. అదీ కొన్నాళ్లే. పట్టుకునే కునికిపాట్లు పడుతున్నానని పంపేశారు.

చూశారా, ఇక్కడ కూడా మిమ్మల్ని నవ్వించాలని చూస్తున్నాను. ఆ అలవాటే ఒకావిడ ప్రాణం తీసింది.

మొదటి యుద్ధం అయ్యాక చక్కెర ధర బాగా పెరిగింది. సాంత్ర్ ద ఫ్లాక్ వైపు చెరకు భూములున్న మన తెలుగాయన ఒకాయన క్యూర్‌పైప్‌లో తెల్లవాళ్ల వీధిలో ఇల్లు కొన్నాడు. మేమంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్లం. ఇరుగుపొరుగు తెల్లవాళ్లు కట్టెలతోనే వండుకుంటున్న రోజుల్లో ఆయన ఓడలో కరెంటు పొయ్యి తెప్పించాడు. ఇనపపెట్టెలాంటి పొయ్యి. నాలుగు కాళ్ల మీద గోడకు దూరంగా నిలబడేది. పైన కాలే పళ్లేలు, కింద రొట్టె కాల్చే అర, ముందు చెయ్యి ఆనించుకోవడానికి ఒక కడ్డీ. చుట్టాలొస్తే దేవుడి గది కన్నా ముందు దాన్నే చూపించేవాడు.

నేను ఆ ఇంట్లో నేల మెరుగుపెట్టే పనిలో ఉన్నాను. అరికాలి కింద కొబ్బరి పీచు చిప్ప పెట్టుకుని, గదంతా జారుతూ చెక్కనేలనూ వంటింటి గచ్చునూ అద్దంలా చేసే పని. పొయ్యి బిగించడానికి వచ్చింది నన్ను పంపేసిన ఇంజనీరే. ఆయన మరిచిపోయాడో, జాలిపడ్డాడో, నన్నేమీ అనలేదు. నేనే పెద్దాయన దగ్గరకు వెళ్లి, "దీని సంగతి నాకు వదిలెయ్యండి బాబూ, ఈయన దగ్గర నేర్చిందే" అన్నాను. అలా ఆ పొయ్యి నా చేతికొచ్చింది.

ఇంజనీరు అన్నీ చెప్పాడు. నాకు ఒక్కొక్కటీ గుర్తుంది, గుర్తులేదని బొంకను. తుడిచే ముందు గోడమీద పెద్ద మీట దించాలి. తడిగుడ్డతో తుడవకూడదు. పళ్లేల మీద నీళ్లు గానీ గంజి గానీ పొంగిపోకూడదు, లోపలి తీగల్లోకి దిగుతుంది. క్యూర్‌పైప్ మంచుకు ఇనుము చెమ్మ పీలుస్తుంది కాబట్టి చలికాలం పొద్దున్నే ముందు సన్నని వేడి మీద కాసేపు ఆరనివ్వాలి. వండేవాళ్లు పొడి చెక్కపీట మీద నిలబడాలి. చెయ్యి తగిలినప్పుడు కొంచెం జిల్లుమన్నా సరే, మీట దించి తనకు కబురు చెయ్యాలి. చివరికి పొయ్యి వెనక్కి తీసుకెళ్లి ఒక రాగితీగ చూపించాడు. పొయ్యి కాలి నుంచి కుళాయి గొట్టానికి కట్టి ఉంది. "దారి తప్పిన కరెంటు దీని మీదుగా భూమిలోకి పోతుంది. ఇది లేకపోతే మనిషి మీదుగా పోతుంది. వారం వారం బిగువు చూడు" అన్నాడు.

ఆ తీగను విప్పింది నేనే. పొయ్యి కింద నేల కూడా మెరవాలని దాన్ని జరపబోతే తీగ అడ్డొచ్చింది. విప్పాను. మెరుగుపెట్టాను. పొయ్యిని మళ్లీ దాని చోట పెట్టాను. తీగ కట్టడానికి వంగబోతుంటే ఎవరో పిలిచారు. వచ్చి చూస్తే పొయ్యి ఎప్పట్లాగే కాలుతోంది, అన్నం ఎప్పట్లాగే ఉడుకుతోంది. తీగ వల్ల ఏ పనీ జరుగుతున్నట్టు లేదు. తెల్లవాళ్ల జాగ్రత్తలు ఇలాగే ఉంటాయనుకున్నాను. చుట్టచుట్టి వెనక్కి తోసేశాను.

మరచిపోయానా? లేదు. అది ఒప్పుకుంటే కొంచెం తేలిగ్గా ఉండేది. తీగ లేకుండా పొయ్యి నడిపిస్తున్నానని లోలోపల గర్వపడ్డాను కూడా. ఇంజనీరుకు తెలియనిది నాకు తెలిసిందనుకున్నాను.

ఆ ఇంట్లో వంటావిడ అప్పలమ్మ. మా ఊరి మనిషే. నాకు చుట్టరికం లేదు, అయినా అక్కా అని పిలిచేవాణ్ణి. భర్త పోయాడు. ఒక్కతే కూతురు నూకాలమ్మ, అమ్మమ్మ దగ్గర కాంప్ ద మాస్క్‌లో పెరుగుతోంది. అక్క ఆ పొయ్యిని ఎప్పుడూ నమ్మలేదు. మంట కనబడని పొయ్యి ఏం పొయ్యి అనేది. కానీ నన్ను నమ్మింది. ప్రతిదీ నన్నడిగి చేసేది.

వాన పట్టిన ఒక పొద్దున, "తమ్ముడూ, ఈ కడ్డీ ముట్టుకుంటే సేతిలో సీమలు పాకినట్టుందిరా" అంది. వెనక్కి తోసేసిన తీగ నాకు వెంటనే గుర్తొచ్చింది. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. "దానికి నువ్వంటే ఇష్టమే అక్కా, గిలిగింతలు పెడతంది" అన్నాను. అక్క నవ్వుతూ గరిటె ఎత్తింది. ఆ నవ్వు ఎంత సేపు ఉందో, ఎలా ఆగిందో నాకు ఇవాళ్టికీ తెలుసు. ఆ వేళే తీగ కట్టి ఉండొచ్చు. వంగితే చాలు. ఎందుకు వంగలేదు? ఆమె చూస్తుందనా? చూస్తే, "ఇదేటి, ఇన్నాళ్లూ కట్టలేదా" అంటుందనా? అంత చిన్న మాట పడటానికి కూడా నేను సిద్ధంగా లేనా?

ఆ ఏడు నూకాలమ్మకు చలిజ్వరం వచ్చింది. తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. అక్క గోవిందుడికి మొక్కుకుంది. బిడ్డ లేచి తిరిగితే శనివారం ఉపవాసముండి, తలారా స్నానం చేసి, తడిచీరతోనే పాలు పొంగించి నైవేద్యం పెడతానని. పిల్లకు తగ్గింది. మొక్కు తీర్చే శనివారం వచ్చింది. పెద్దాయనా ఇంటివాళ్లూ పొద్దున్నే గుడికి వెళ్లారు. నైవేద్యం తీసుకుని మేమిద్దరం వెనక రావాలి. పెరట్లో కట్టెల పొయ్యి ఉంది, కానీ వారం రోజులుగా వదలని జల్లు. కట్టెలు నాని ఉన్నాయి.

అక్క తడిచీరతో వంటింటి గుమ్మంలో నిలబడింది. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. లోపలికి రాలేదు. ముందు నన్నడిగింది.

"తమ్ముడూ, తడిబట్టతో దీని దగ్గరికి పోవచ్చేటి? నీకు తెలుసు గదా కురాన్ సంగతి." కరెంటును మా దీవిలో కురాన్ అనేవాళ్లం.

"నేనుండగా నీకేటక్కా భయం. కురాన్ నా మాట ఇంటది."

"ఆ పీట మీద రోజూ అందరూ సెప్పులేసుకుని నిలబడతారు. మొక్కు కాడ మైల. తీసీనా?"

"తీసెయ్."

"పాలు పొంగాల గదరా. ఆ పళ్లెం మీద పడితే?"

"పొంగనీ అక్కా. గోవిందుడి పాలు. ఏటవుద్ది?"

"ఇంజినీరు వద్దన్నాడని నువ్వే సెప్పినావు."

"ఇంజినీరుకు గోవిందుడు తెలుసా? నీ తమ్ముడికి ఇద్దరూ తెలుసు."

అక్క నవ్వింది. లోపలికి వచ్చి, చెక్కపీటను కాలితో పక్కకు జరిపింది. పొయ్యి కాళ్లకు పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది. ఇత్తడి గిన్నెలో పాలు పోసింది. నేను గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాను. పాలు పొంగాయి. పళ్లెం మీద పడి చుర్రుమని, అంచుల గుండా లోపలికి దిగాయి. అక్క రెండు చేతులతో ముందు కడ్డీ పట్టుకుని, మొక్కడానికి తల వంచింది.

తల మళ్లీ ఎత్తలేదు.

ఊళ్లో నేను చెప్పిన కథలో, ఒక్క గెంతులో వెళ్లి ఉత్తచేత్తో ఆమెను లాగేశాను. కరెంటు నన్నూ కొట్టింది, అయినా వదల్లేదు. ఆ కథ చెప్పినప్పుడల్లా కుడిచెయ్యి కొంచెం వణికించేవాణ్ణి. నిజంగా జరిగింది ఏమిటంటే, నేను గుమ్మాన్ని వదల్లేదు. చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. తర్వాత గోడమీద మీట గుర్తొచ్చింది. దించాను. అప్పుడు ఆమె కింద పడింది. పిలిచాను. పలకలేదు.

దీని తర్వాత చేసింది రాయడానికే ఇంతదూరం వచ్చాను. ఇక్కడ ఆగిపోవాలని ఉంది. మీరు పక్కనే ఉన్నారనుకుని రాస్తాను.

నేను కేక వెయ్యలేదు. ఎవరి కోసమూ పరిగెత్తలేదు. పొయ్యి వెనక్కి వెళ్లాను. చుట్టచుట్టి పెట్టిన రాగితీగ విప్పి, కుళాయి గొట్టానికి బిగించాను. రెండో కొస పొయ్యి కాలికి కట్టాలి. దాన్ని చేరుకోవడానికి, పొయ్యి కిందికి జారిన అక్క పాదాన్ని కొంచెం పక్కకు జరపాల్సి వచ్చింది. జరిపాను. పాదం ఇంకా వెచ్చగా ఉంది. తీగ బిగువు చూశాను. ఇంజనీరు నేర్పినట్టే, లాగి చూశాను. అప్పుడు వీధిలోకి వెళ్లి అరిచాను.

ఇంజనీరు వచ్చాడు. తీగ చూశాడు. లాగి చూశాడు. "ఇది ఉండగా ఇలా జరగకూడదే" అన్నాడు. నా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తడిచీర చూశాడు, పక్కకు తోసిన పీట చూశాడు, పళ్లెం మీద మాడిన పాలు చూశాడు. పెద్దాయన అడిగాడు: "నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"వద్దన్నాను బాబూ. అక్క వినలేదు."

అంతే. మరో మాట వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆ మాట నాకంటే ముందు కాంప్ ద మాస్క్ చేరింది. కూతురి మొక్కు మీద మొండితనంతో, తెలిసినవాడు చెప్పినా వినకుండా చచ్చిపోయింది అప్పలమ్మ. నూకాలమ్మ ఆ మాట వింటూ పెరిగింది. తనకు జ్వరం రాకపోతే మొక్కు లేదు. మొక్కు లేకపోతే చావు లేదు. చెప్పిన మాట విని ఉంటే తల్లి బతికేది. ఇవన్నీ ఆ పిల్ల లెక్కలే, కానీ లెక్క మొదలుపెట్టించింది నేను.

పెళ్లయ్యాక కూడా ప్రతి ఏడూ గోవిందుడి శనివారం నా ఇంటికి ప్రసాదం తెచ్చేది. "అమ్మకు మంచి చెప్పినవాడివి నువ్వే మావయ్యా" అని నా కాళ్లకు దండం పెట్టేది. నేను ఆశీర్వదించేవాణ్ణి. ఆ ప్రసాదం తినేవాణ్ణి. వేడి పాల వాసన వస్తే మాత్రం ఇప్పటికీ లేచి బయటికి పోతాను. మా ఇంట్లో పిల్లలు దాన్ని ముసలాడి చాదస్తం అంటారు. ఇంట్లో ఎవరైనా తడిచేత్తో మీట ముట్టుకుంటే అరుస్తాను. ఆ తర్వాత వాళ్లను నవ్వించడానికి ఇంకో కథ కడతాను.

ఎందుకు చెప్పలేదు అని మీరడిగితే, జైలు భయమని చెప్పగలను. అది కొన్నాళ్లే. పెద్దాయన పోయాడు, ఇంజనీరు వాళ్ల దేశం వెళ్లిపోయాడు. ఆ తర్వాత నన్ను ఆపిందేమిటి? కరెంటు తెలిసినవాడన్న పేరు. నిచ్చెన కింద కునికిపాట్లు పడినవాడికి దక్కిన పేరు. అది పోతుందని. అంతకంటే పెద్ద కారణం వెతికాను. దొరకలేదు.

మొన్న నూకాలమ్మ దగ్గరికి వెళ్లాను. పెరట్లో వంగమొక్కలకు మట్టి ఎగదోస్తోంది. పక్కన గట్టు మీద కూర్చుని చెప్పాను. మీకు చెప్పినట్టే, తీగ విప్పడం దగ్గర్నుంచి పాదం జరపడం దాకా. మధ్యలో నా నోటికి అలవాటైన మాటలు చాలా వచ్చాయి. మింగేశాను. ఆమె పార ఆపింది. నేను అయిపోయిందన్నాక, వంగి మొక్క మొదట్లో మట్టిని అరచేత్తో అదిమింది.

"అయితే అమ్మ అడిగిందా?" అంది.

"అడిగింది."

"లోపలికి రాక ముందే అడిగిందా?"

"గుమ్మంలో నిలబడి అడిగింది. తడిబట్ట గురించి అడిగింది. పీట గురించి అడిగింది. పాల గురించి అడిగింది. ఇంజినీరు వద్దన్న మాట కూడా గుర్తుచేసింది."

"మొండి మనిషి కాదు."

"కాదమ్మా."

"ఇన్నేళ్లూ నేను ఆమె మీద కోపంగా ఉన్నాను" అంది. నాతో అన్నట్టు లేదు. పార అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను క్షమించమని అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. లోపలి నుంచి ఆమె ఏడవడం వినిపించింది. తల్లి పోయిన నాడు ఆ పిల్ల ఏడవలేదని ఊళ్లో చెప్పుకునేవారు. వాన మొదలైంది. నేను కాసేపు గట్టు మీదే కూర్చున్నాను, తర్వాత ఇంటికి నడిచి వచ్చాను. ఆమెకు చెప్పింది మీకూ రాశాను. ఇందులో నేనేమీ కలపలేదు.