రెండు సెకండ్ల ముందు

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ వెనక వీధిలో, ఒక మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. భూమి కంపించగానే, అసలు కుదుపు కన్నా ముందొచ్చే తొలి అలను బట్టి అది ఎంత పెద్దదో చప్పున అంచనా వేయడం నా ఉద్యోగం. ఊరి బయట గుట్ట మీది పరికరం నుంచి కొలతలు నా లాప్‌టాప్‌కి వచ్చేవి. ఏడు నెలలుగా రోజంతా దాని ముందే గడిచేది.

ఒక ఉదయం తెర మీద గీత ఎగిరింది. వెంటనే అంకె పడింది. చిన్నదేనని కుర్చీలోంచి లేవలేదు. రెండు సెకండ్లకు కిటికీ తలుపులు గడగడలాడాయి. వీధిలో కేకలు వినిపించాయి. కాసేపటికి ఇంటి యజమానురాలు మనవరాలిని చంకనేసుకుని పైకి వచ్చింది.

"ఏందయ్యా, బయటికి రాలేదే?"

"చిన్నదే పెద్దమ్మా. ముందే తెలిసింది."

"తెలిస్తే మమ్మల్ని పిలవొద్దా? బిడ్డతో వాకిలి మెట్ల మీద పడబోయినాను."

"రెండు సెకండ్లే ముందు."

"పేరు పెట్టి పిలిచేదానికి అది చాలదా నాయనా?"

ఆ ఇంట్లో ఎవరి పేరూ నాకు తెలియదు.

సాయంత్రం పాప పేరు అడుగుదామని కిందికి దిగాను. లోపల అందరూ పొద్దుటి సంగతే చెప్పుకుని నవ్వుతున్నారు. తలుపు తట్టకుండానే పైకి వచ్చేశాను.