నూనె మావయ్య, నాలుగు గ్రావెల్ సైకిళ్ళు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే చదివేవాళ్ళు కిరసనాయిలు బుడ్డీలూ ఎడ్లబళ్ళూ ఊహించుకుంటారు గానీ, నేను చెప్పేది మరీ అంత పాత సంగతి కాదు, ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. సిగ్గుపడాల్సిన సంగతులు పాతబడటానికి అంతకంటే ఎక్కువ కాలం అక్కర్లేదని నా అనుభవం. అప్పటికి నాకు పాతికేళ్ళు. విజయనగరంలో ఒక ఇంజినీరింగు ఆఫీసులో కొత్త ఉద్యోగం. ప్రొబేషన్ తీరలేదు, పెళ్ళి కాలేదు, బుద్ధి రాలేదు. ఈ మూడింటికీ బదులుగా నా దగ్గర నాలుగు గ్రావెల్ సైకిళ్ళు ఉండేవి.

గ్రావెల్ సైకిలంటే తెలియనివాళ్ళకి ఒక మాట. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలూ, దానికి తగని లావుపాటి టైర్లూ, మోటార్ సైకిల్‌కి ఉన్నట్టు ముందూ వెనకా డిస్కు బ్రేకులూ ఉంటాయి. తారు ఎరగని రోడ్ల మీద పోవడానికి చేసినవి. స్టాండు ఉండదు, క్యారియర్ ఉండదు, బెల్లూ మడ్‌గార్డూ అసలే ఉండవు. (ఎక్కినవాడి గర్వం ఒక్కటే కంపెనీవాళ్ళు బిగించి పంపిస్తారు.) నాలుగెందుకురా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఒకటి నెల్లిమర్ల ఎర్రమట్టికి, ఒకటి మా నౌపడ వైపు ఉప్పుమళ్ళ గట్లకి, ఒకటి శృంగవరపుకోట కొండలకి. నాలుగోది ఎందుకో నాకూ తెలియదు. అయితే అడిగినవాళ్ళు మూడోదాని దగ్గరే లేచి వెళ్ళిపోయేవారు కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

సొంతూరు నౌపడలో ఉప్పుగాలికి ఇనుప సామాను ఏడాది నిలవదు. అందుకని నేనూ నా సైకిళ్ళూ నెల్లిమర్లలో మా మేనమామ ఇంట్లో చేరాం. మావయ్య ముప్పై ఏళ్ళు జనపనార మిల్లులో మిషన్లకి నూనె వేసే పని చేసి, ఆ ముందు ఏడాదే రిటైరయ్యాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని నూనె మావయ్య అనేవారు. అంత రొదలోనూ ఎన్నో వరసలో ఏ మిషను ఎండిపోయి మూలుగుతోందో గుమ్మం దగ్గర నిలబడి చెప్పేసేవాడట. ఇంటికొచ్చాక ఆ చెవులకి పని లేకుండా పోయింది. మొదటి నెల తలుపు బందులకీ, కుట్టుమిషనుకీ, నూతి గిలకకీ, పక్కింటి గేటుకీ నూనె వేశాడు. రెండో నెలకి మా వీధిలో కిర్రుమనేది ఏదీ మిగల్లేదు. (పిల్లి వచ్చి పాలు తాగిపోయినా తలుపు చప్పుడు కాదని అత్తయ్య గోల.) ఇక అప్పట్నించీ మనిషి అరుగు మీద చేరగిలబడి, పిలిస్తే పలికేవాడు, లేకపోతే లేదు. మీ మావ బతికుండగానే మూలకి పడిపోతన్నాడురా అని అత్తయ్య ఒకటి రెండుసార్లు నా దగ్గర కళ్ళు ఒత్తుకుంది కూడా.

అలాంటి మనిషి ముందు నేను నాలుగు సైకిళ్ళు వరసగా గోడకి చేరేశాను. ఆయన లేచి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. గ్రావెల్ సైకిలంటన్నావు, గ్రావెల్ మొయ్యడానికి ఎనకాల పెట్టె ఏదిరా అల్లుడూ అన్నాడు. తర్వాత మెల్లిగా లోపలికి వెళ్ళి పొడుగు ముక్కు నూనె డబ్బా తెచ్చాడు. అందులోది ఆయన సొంత తయారీ, మిషను నూనెలో కాస్త ఆముదం కలిపింది. ఆ వాసన ఆ ఇంట్లో కూరక్కూడా ఉండేది. నేను వెంటనే అడ్డం వెళ్ళి, వీటికి వేరే నూనె ఉంటుంది మావయ్యా, ముట్టుకోవద్దు అన్నాను. ఆయన సరేనని డబ్బా పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆరు నెలల్లో ఆ మాట నేను ఇంకో నలభైసార్లు అనుంటాను. పాతికేళ్ళ వయసులో మనకి మన వస్తువులు కనబడినంత స్పష్టంగా మనుషులు కనబడరు.

ఇలా ఉండగా మా డీఈ గారికి డాక్టరు సైకిల్ తొక్కమన్నాడు. డీఈ గారంటే మా పై అధికారి, నా ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి. పెద్ద ఆకారం, తక్కువ మాట. నా దగ్గర నాలుగున్నాయని ఎవరో చెప్పారట, పిలిచి ఆదివారం ఎక్కడికైనా పోదామన్నారు. శృంగవరపుకోట దగ్గర కొండ మీది గూడేనికి కొత్తగా వేసిన గ్రావెల్ రోడ్డు ఉంది సార్, ఏడు కిలోమీటర్లు ఎక్కితే చాలు, దిగడం గాలిలో తేలినట్టే అని ఊరించాను. శనివారం సాయంత్రం సైకిలు బయటికి తీశాను. వాన వెలిసింది. బ్రేకు నొక్కితే తడికి డిస్కులు గోల పెట్టాయి. అరుగు మీంచి మావయ్య తల ఎత్తి, అది ఏడస్తన్నాదిరా అన్నాడు. ఆరితే అదే తగ్గిపోతుందిలే, ముట్టుకోకు అన్నాను. అది నలభై ఒకటోసారి.

ఆదివారం తెల్లవారి నేను లేచేసరికి అత్తయ్య కాఫీ ఇస్తూ, మీ మావ పాట పాడతన్నాడురా, రిటైరయ్యేక ఇదే మొదలు అంది గొంతు తగ్గించి. ఎందుకు పాడుతున్నాడో నేను అడగలేదు. లగేజీ ఆటోలో రెండు సైకిళ్ళు ఎక్కించాం. స్టాండు లేనివాటిని ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా అని మావయ్య కూడా వెనకాల ఎక్కి కూర్చున్నాడు, చేతిలో ఒక గుడ్డ సంచి. కొండ కింద టీ బడ్డీ దగ్గర డీఈ గారు కలిశారు. మావయ్యనీ ఆటోనీ అక్కడే ఉండమని మేమిద్దరం ఎక్కడం మొదలుపెట్టాం.

ఎక్కేవాడికి బ్రేకుతో పనిలేదు. నేను ఆ రోజు నేర్చుకున్న ఇంజినీరింగు అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. రెండు గంటలు ఆయాసపడుతూ ఎక్కాం. ఎంత నిశ్శబ్దంగా పోతోందయ్యా నీ బండి అని డీఈ గారు మెచ్చుకున్నారు కూడా. పైన నీళ్ళు తాగి దిగడం మొదలుపెట్టాం. మొదటి మలుపులో ఆయన బ్రేకు నొక్కారు. సైకిలు ఏమీ విననట్టు ముందుకే పోయింది. ఆయన కేక వెయ్యలేదు, అధికారి కదా. అదే హుందాతనంతో తిన్నగా వెళ్ళి, రోడ్డు పక్కన పోసిన గ్రావెల్ గుట్టలో దిగబడ్డారు. నేను రెండు బ్రేకులూ నొక్కి, ఆగక, బూట్లు నేలకి రాస్తూ వెళ్ళి ఆయన పక్కనే దిగబడ్డాను. గ్రావెల్ సైకిళ్ళు కాబట్టి ఆ మాత్రం సుఖంగా దిగాయి.

ఆయన డిస్కు మీద వేలు పెట్టి ఎత్తి చూశారు. వేలు నల్లగా నిగనిగలాడింది. నాకు చూడక్కర్లేకపోయింది, ఆముదం వాసన ముందే వచ్చింది.

"ఇదేమిటయ్యా?" అన్నారు.

"నూనె సార్. నేనే వేశాను" అన్నాను. మావయ్య మీద ప్రేమతో అన్న మాట కాదు. ఇంట్లో ముసలాయన్ని అదుపులో పెట్టుకోలేని ఇంజినీరుననిపించుకోవడం ఇష్టం లేక అన్నాను.

బ్రేకులకి నూనె వేసిన ఇంజినీరుని ఆయన కాసేపు అలా చూశారు. ఏ కాలేజీలో చదివానో అడిగారు. చెప్పాను. ఇద్దరం సైకిళ్ళు చేత్తో పట్టుకుని ఏడు కిలోమీటర్లూ నడిచి కొండ దిగాం. సంతకి కొండచీపుళ్ళు నెత్తిన పెట్టుకుని దిగుతున్న ఆడవాళ్ళు మమ్మల్ని దాటిపోతూ, పంచరేటి బాబూ అని అడిగారు. కాదన్నాను. మరి పల్లంలో కూడా తోసుకెల్తన్నారేటి అన్నదొక ముసలమ్మ. డీఈ గారు ఆకాశం వైపు చూశారు. నా ప్రొబేషన్ నాతోపాటే కాలినడకన దిగుతున్నట్టనిపించింది. మావయ్యని అనాల్సిన మాటలు మొదటి కిలోమీటర్లో కూర్చుకుని, మిగతా ఆరు కిలోమీటర్లూ సానపట్టాను. చెప్పిన మాట వినవా, ఇది నీ మిల్లనుకున్నావా, ఇంకెప్పుడైనా నా సైకిలు ముట్టుకున్నావంటే - ఇలా చాలా ఉన్నాయి.

కొండ కింద చదును రాగానే మళ్ళీ సైకిళ్ళెక్కి మెల్లిగా తొక్కాం. మేం కనబడగానే మావయ్య టీ బడ్డీ బల్ల మీంచి లేచాడు. అంత చురుగ్గా ఆయన లేవడం నేను చూడలేదు. ఎదురొచ్చి నా ముందు నిలబడ్డాడు. గుడ్డ సంచిలోంచి నూనె డబ్బా ముక్కు బయటికి చూస్తోంది. డ్యూటీ దిగినవాడి మొహంలా ఉంది ఆయన మొహం.

"సప్పుడొచ్చిందేటిరా అల్లుడూ?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. సానపట్టినవన్నీ నాలుక మీదే ఉన్నాయి. పొద్దుట పాట పాడింది ఎందుకో అప్పుడు తెలిసింది.

"లేదు మావయ్యా. ఒక్క సప్పుడు లేదు" అన్నాను.

డీఈ గారు నా వైపు చూశారు, మావయ్య వైపు చూశారు, సంచిలోని ముక్కు వైపు చూశారు. "చప్పుడన్న మాటే లేదండి. నా జన్మలో ఇంత నిశ్శబ్దంగా కొండ దిగలేదు" అని, అందరికీ టీ చెప్పారు.

ఇంటికొచ్చి చూస్తే నాలుగు సైకిళ్ళకీ, ఎనిమిది డిస్కులకీ నూనె ఉంది, ఏడవనివాటికి కూడా. బ్రేక్ ప్యాడ్లన్నీ మార్చాల్సి వచ్చింది. ప్రొబేషన్ కాగితం మీద డీఈ గారు ఏమీ అనకుండా సంతకం పెట్టారు, కానీ ఆయన బదిలీ అయ్యేదాకా మిషన్లకి సంబంధించిన ఫైలు ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. మావయ్యతో నేను మహా తెలివిగా ఒక ఒప్పందం చేసుకున్నాను. గొలుసులు నీవి, డిస్కులు నావి అన్నాను. ఎందుకని కూడా అడక్కుండా ఒప్పుకున్నాడు. నా చాకచక్యానికి నేనే మురిసిపోయాను. ఆదివారాలు అరుగు మీద సైకిలు తలకిందులుగా పెట్టి లింకు లింకుకీ చుక్క వేసేవాడు. నా గొలుసులు చూసి విజయనగరం కుర్రాళ్ళు తమవి కూడా తెచ్చి ఇచ్చేవారు. అత్తయ్య కళ్ళు ఒత్తుకోవడం మానేసి, అరుగంతా నూనె మరకలని తిట్టడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నాకు పెళ్ళయింది, పొట్ట వచ్చింది, సైకిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తెలిసినవాళ్ళకి వెళ్ళిపోయి ఆ నాలుగోదే మిగిలింది. మొన్న వానలో తడుస్తూ దాని మీదే నెల్లిమర్ల వెళ్ళాను. అరుగు ముందు బ్రేకు నొక్కితే వీధంతా వినబడేలా ఏడ్చింది. మావయ్య తల ఎత్తాడు. అలవాటుకొద్దీ నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏడవనీ. ఏడిస్తేనే కదరా ఆగుతాది" అన్నాడు ఆయన.

ఆ సంగతి ఎప్పుడు తెలిసింది మావయ్యా అన్నాను.

"ఆ రోజే. మీ ఇద్దరి బూట్లూ సూసేను. తొక్కుకుంటా దిగినోళ్ళ మడమలకి అంతేసి ఎర్రమట్టి ఎలాగంటుకుంటాదిరా?" అని, సైకిలు ఇటు తిప్పమని సైగ చేశాడు.

గొలుసు వైపు తిప్పాను. ఏడెనిమిదేళ్ళపాటు ఆయన నొచ్చుకోకుండా ఒక రహస్యం కాపాడుతున్నాననుకున్న పెద్దమనిషిని తలుచుకుంటే నవ్వొచ్చింది. ఆయన లింకు లింకుకీ చుక్క వేస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని పెడలు తిప్పాను.